గిటారు పెట్టెలును సౌలు కవచమును



ఈ నెల మేము వ్రాయబూనిన సంగతి చూచి మీలో కొందరు నవ్వుకొందురు. ధ్యానములు వ్రాయవలసిన పుటలో గిటారు పెట్టెల గొడవ యేమి, పాస్టరుగారికి వేరే పనిలేదా అని అడుగువారును ఉందురు. మా సంఘ పెద్దలలో ఒకరు ఆ మాట ముందుగానే అనివేసిరి. అయినను ఆ పెట్టెలు కొనుటలో మేము చేసిన తప్పు చిన్నది కాదు. మాకు తెలియని సంగతిలో వాక్యమును చేతబట్టుకొని తీర్పు చెప్పితిమి. ఆ తీర్పువలన ఒక కుర్రవాడు నాలుగు నెలలు మౌనముగా భారము మోసెను. అందుచేత ఓపికతో చదువుడని మనవి.

మాది కాలువ గట్టునున్న చిన్న సంఘము. హార్మోనియము, డోలక్కు, తాళములు మా తాతల నాటినుండి ఆరాధనలో ఉన్నవి. గిటారు వచ్చి పది సంవత్సరములు కాలేదు. దానిని వాయించు కుర్రవాడు వారమంతయు టైల్సు పనికి పోవును. శనివారము రాత్రి చేతులకంటిన సిమెంటు కడుగుకొని రేపటి పాటలు సాధన చేయును. 2023వ సంవత్సరపు కోత పండుగ ముగిసిన తరువాత యౌవనస్థులు మా యొద్దకు వచ్చి గిటారుకు ఎఫెక్టులు కావలెనని అడిగిరి. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన 14,000 రూపాయలు అప్పటికి సంఘము చేతిలో ఉన్నవి. ఆ బియ్యము సంగతి మీకు తెలియును. ఎసరు పెట్టినప్పుడెల్ల తల్లి యొక పిడికెడు తీసి వేరే కుండలో వేయును. ఇంటిలో బియ్యము అడుగంటిన దినమునను వేయును. ఆ సొమ్ముతో ఏమి కొన్నను అది ఎవరో ఒకరి కంచములోనుండి వచ్చినదే.

ఎఫెక్టు అనగా నేమో ఎరుగనివారికొరకు కొంచెము చెప్పవలెను. పెడల్ అనునది అరచేతికంటె కొంచెము పెద్దదైన లోహపు పెట్టె. దానిని నేలమీద పెట్టి కాలితో నొక్కుదురు. గిటారునుండి తీగ గుండ వచ్చు సన్నని విద్యుత్తు దానిలోనికి పోయి, రూపు మార్చుకొని, అవతలి తీగ గుండ సౌండు పెట్టెకు చేరును. ఒక్కొక్క పెడలుకు ఒక్కటే పని. డిలే అనునది కొండకెదురుగా నిలిచి కేక వేసిన తిరిగి వచ్చు మాట వంటిది. రివర్బు పెట్టినయెడల, పాత మిషను దేవాలయములలో ఎత్తైన కప్పుక్రింద పాడిన పాట కొంతసేపు గోడలనడుమ నిలిచినట్లు తోచును. కోరస్ అనునది ఒకే స్వరమును ముగ్గురు కొద్ది తేడాతో కలిసి పాడినట్లుండును. ఓవర్‌డ్రైవ్ అనునది, మైకు సెట్టును అది పట్టజాలనంత హెచ్చు పెట్టినప్పుడు ధ్వని బరువెక్కి జీరపోవును గదా, అట్టిది.

ఈ జీర గొంతుక పుట్టుక వినదగినది. అమెరికా దేశములోని నాష్‌విల్లు పట్టణములో మార్టీ రాబిన్స్ అను గాయకుని పాట రికార్డు చేయుచుండగా, గ్రేడీ మార్టిన్ అనువాడు వాయించుచున్న బాస్ గిటారు ధ్వని ఉన్నట్టుండి చినిగిన గుడ్డవలె బరబరలాడెను. రికార్డింగు బల్లలో ఒక భాగము చెడిపోయినది. అయినను ఆ బరబరను తీసివేయక పాటలోనే ఉండనిచ్చిరి. 1961లో పాట వెలువడగా జనులకు అది నచ్చెను. అప్పుడు గ్లెన్ స్నాడీ అను ఇంజనీరు, అటువంటి ధ్వనిని కోరినప్పుడెల్ల పుట్టించు చిన్న పెట్టెను మరియొకనితో కలిసి తయారు చేసెను. 1962లో గిబ్సన్ కంపెనీ మాస్ట్రో అను పేరుతో దానిని అమ్మకమునకు పెట్టెను. 1965లో ఇంగ్లండు దేశపు రోలింగ్ స్టోన్స్ బృందమువారు ఒక పాటలో వాడిన పిమ్మట దానికి గిరాకీ కలిగెను. అంతకుముందు 1958లో లింక్ రే అనువాడు తన స్పీకరు అట్టకు రంధ్రములు పొడిచి ఈ ధ్వని పుట్టించెను. 1964లో డేవ్ డేవిస్ అను కుర్రవాడు బ్లేడుతో స్పీకరును కోసెను. చెడిపోయినదానిని పారవేయక దానిలో ఒక గొంతుక వినినవారు వీరు. పనికిరాదని పక్కన పెట్టబడిన రాతిని గూర్చి కీర్తనలలో చదివినవారికి ఇది వింత గాదు. వారు పాడిన పాటలు మన పాటలు కావు, అది వేరు మాట.

తరువాత జపాను దేశమువారు ఈ పనిలో దిగిరి. ఒసాకా పట్టణములో 1972లో స్థాపింపబడిన రోలాండ్ కంపెనీ, బాస్ అను పేరుతో 1977లో ఒకే కొలత గల చిన్న పెడళ్ళను, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగులో, చేయనారంభించెను. 1988లో ఆ పేరుతోనే ఎంఈ-5 అను మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె వచ్చెను. ఇది అనేక పెడళ్ళ పనిని ఒకే పెట్టెలో చేయునది. నేటి మల్టీ పెట్టెలోపల కంప్యూటరు వంటిది ఉండి, గిటారు ధ్వనిని సెకనుకు 44,100 సార్లో అంతకు మించియో కొలిచి, అంకెలుగా మార్చి, ఆ అంకెలమీద లెక్క చేసి, మరల ధ్వనిగా పంపును. మనకు ఇష్టమైన కూర్పును దానిలో దాచుకొని, పాటకొక కూర్పు చొప్పున కాలితో నొక్కి పిలుచుకొనవచ్చును.

ఇక మా కూటము సంగతి. మాటలాడినవారు ఇద్దరు. కీబోర్డు వాయించు అబ్బాయి మల్టీ పెట్టె కొనవలెననెను. ఒక్క పెట్టె, ఒక్క అడాప్టరు, ఒక్క సంచి. ఆ ధరకు వేర్వేరుగా కొన్నయెడల రెండో మూడో పెడళ్ళు మించి రావు. సెలవులకు వచ్చిన మరియొక యౌవనస్థుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు అక్కడ ఒక బృందముతో వాయించును. అతడు వేర్వేరు పెడళ్ళే మేలనెను. మల్టీ పెట్టెలో వంద స్వరములున్నను వాడునవి నాలుగే. అది చెడినయెడల అన్నియు ఒక్కసారి పోవును. పెడలు చెడిన అదొక్కటే పోవును, పాతరకపు పెడలైతే రేడియో బాగుచేయు మేస్త్రీ యైనను విప్పి అతుకు వేయగలడు. పైగా మూడు నాబులున్న పెట్టెతో కూర్చున్నవాడు చెవితో నేర్చుకొనును, తెరమీద పేర్లు వెదకువాడు నేర్చుకొనడు. ఇరువురి మాటలలోను సత్యమున్నది. మేమిప్పుడును ఆ మాట ఒప్పుకొందుము.

అంతటితో ఊరుకొనక ఇద్దరును వాక్యములోనికి దిగిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమునుండి, శరీరమొక్కటే, దానిలో అవయవములు అనేకములు గనుక ఒక్క పెట్టెయే వాక్యానుసారమని ఒకడనెను. ప్రతి అవయవమునకు దాని పని దానికున్నది, కన్ను చెవి పని చేయదు గనుక వేర్వేరు పెడళ్ళే వాక్యానుసారమని రెండవవాడనెను. అపొస్తలుడు సంఘములోని తగవు తీర్చుటకు వ్రాసిన అధ్యాయముతోనే మా సంఘములో తగవు పెరిగెను.

అప్పుడు మేము లేచితిమి. సెమినరీలో మూడు సంవత్సరములు వాక్యభాగమును దాని సందర్భమునుండి విడదీయరాదని మాకు నేర్పిరి. ఆ చదువంతయు ఆ క్షణమున ఎచటికి పోయెనో తెలియదు. సమూయేలు మొదటి గ్రంథము 17వ అధ్యాయము తీసి, గొల్యాతు నెదిరించుటకు పోవు దావీదు సౌలు ఇచ్చిన కవచమును, శిరస్త్రాణమును, కత్తిని విడిచి, ఏటిలోని ఐదు రాళ్ళను ఏరుకొన్న వృత్తాంతము చదివితిమి. అన్ని ఆయుధములు ఒక్కచోట కూర్చిన మల్టీ పెట్టె సౌలు కవచము వంటిదనియు, ఒక్కొక్కటిగా ఏరుకొన్న పెడళ్ళు ఏటి రాళ్ళ వంటివనియు చెప్పితిమి. మా పోలిక మాకే ఎంతో ముచ్చటగా తోచెను. కమిటీవారు తల లూపిరి. అంతయు ముగిసినదనుకొనుచుండగా వెనుకవరుసలోనుండి ఒక వృద్ధురాలు, పిడికెడు బియ్యము కూడబెట్టినవారిలో పెద్దామె, “అయ్యగారూ, ఏది కొన్నా సరే, పాటలో మాటలు మాకు వినపడతాయా?” అని అడిగెను. “వినబడును తల్లీ” అని చెప్పి ప్రార్థన చేసి ముగించితిమి.

గిటారు వాయించు కుర్రవాడు ఆ కూటములో గుమ్మముదగ్గర స్తంభమునానుకొని నిలిచియుండెను. నీకు ఏది కావలెనని అతనిని ఒక్కరును అడుగలేదు. మేమును అడుగలేదు.

విజయవాడ వెళ్ళి ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే మూడు పెడళ్ళు తెచ్చితిమి. ఆ ఆదివారము జరిగినది చెప్పుటకు సిగ్గగుచున్నది. ఓవర్‌డ్రైవ్ నొక్కగానే స్పీకరులోనుండి తాటాకులో మంట లేచినట్లు చిటపట, కీచు, రొద. తల్లులు చెవులు మూసికొనిరి. ఆపుమని చేయి చూపితిమి, ఆపెను. మూడు పెడళ్ళకు ఒకే అడాప్టరునుండి మూడు కొనల తీగ పెట్టుటవలన వెనుక గుయ్యిమను శబ్దము ఆరాధన అయ్యేవరకు విడువలేదు. తరువాత గృహకూటములలో పెడళ్ళ నడుమనుండు జానెడు కేబులు ఒకసారి తెగెను, మరియొకసారి ప్లగ్గులు సరిపోలేదు, ఇంకొకసారి కరెంటే లేదు. మోటారు సైకిలు వెనుక కూర్చొని గిటారు ఒక భుజమున, పెడళ్ళ సంచి ఒక చేత పట్టుకొని కాలువ వంతెన దాటి పోవు అవస్థ ఆ కుర్రవానిదే. క్రిస్మస్ నాటికి అతడు ఆ సంచి తెచ్చుట మానివేసెను. గిటారును ఉన్నదున్నట్లు వాయించుచుండెను. మేమేమనుకొంటిమో తెలియునా? ఆడంబరము విడిచినాడనుకొని, ఒక ఆదివారము ప్రసంగములో అతని నిరాడంబరతను మెచ్చుకొంటిమి కూడ. అతడు తల దించుకొనెను. అదియు వినయమే యనుకొంటిమి.

2024 మార్చిలో, సిలువ ధ్యానముల దినములలో, ఒక బుధవారపు కూటము వారి యింటనే జరిగెను. కూటము ముగిసి టీ త్రాగుచుండగా మంచముక్రింద ఆ సంచి మా కంటబడెను. పైన దుమ్ము పట్టియున్నది. ఏమి నాయనా, ఇవి వాడుట లేదేమి అని అడిగితిమి. చాలసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, “మీరు దేవుని మాట చూపించి కొనిపించారు గదా అయ్యగారూ. ఇవి బాగాలేవంటే దేవుణ్ణి కాదన్నట్టవుద్దేమోనని ఊరుకున్నాను” అనెను.

టీ గ్లాసు క్రింద పెట్టితిమి. ఇరువది సంవత్సరములకు పైబడిన పరిచర్యలో ఇంత నెమ్మదిగా ఎవరును మమ్మును గద్దించియుండలేదు. గద్దించుచున్నానని అతనికి తెలియనే తెలియదు.

ఆ రాత్రి అతని ప్రక్కన కూర్చొని అడిగి తెలిసికొంటిమి. అతడు టైల్సు పరచువాడైనను ఈ విద్యలో మాకు గురువు. గిటారు ఆంప్లిఫయరులో నుండు స్పీకరు, ధ్వనిలోని మిక్కిలి సన్నని పై స్థాయిలను ఎక్కువగా పలుకదు. ఓవర్‌డ్రైవ్ పుట్టించు కరుకుదనమును ఆ స్పీకరే సగము మ్రింగి, మిగిలినదానిని మెత్తగా చేసి బయటకు పంపును. మన గ్రామ దేవాలయములలో గిటారు ఆంప్లిఫయరు ఎచట నున్నది? గిటారు తీగ తిన్నగా మిక్సరులోనికి, అక్కడనుండి మాటలకొరకు ఏర్పరచిన మైకు స్పీకర్లలోనికి పోవును. ఆ స్పీకర్లు సన్నని ధ్వనులన్నిటిని దాచక పలుకును. అందుచేతనే ఆ కీచు. మల్టీ పెట్టెలో నైతే ఆంప్లిఫయరును దాని స్పీకరును పోలిన లెక్క కూడ లోపలనే యుండును. దానిని తిన్నగా మిక్సరుకు కలిపినను వినుటకు ఇంపుగా నుండును. నాలుగు చిన్న బ్యాటరీలతో నడుచు రకములును ఉన్నవి, కరెంటు పోయినను ఆ పెట్టె ఆగదు. ఇంతకును ఎక్కడ వాయింతువు, దేనిలోనుండి ఆ ధ్వని బయటకు వచ్చును, ఎట్లు మోసికొని పోవుదువు అను మూడు ప్రశ్నలు అడిగియున్నయెడల మా తీర్పు వేరుగా నుండెడిది. హైదరాబాదు అబ్బాయి అబద్ధమాడలేదు. అతని గదిలో ఆంప్లిఫయరున్నది, అతని పెడళ్ళు ఒకే చోట నుండును, కరెంటు పోవుట అరుదు. అతని స్థలములో అతని మాట నిజమే. మేము ఆ నిజమును ఊడబెరికి మా కాలువ గట్టున నాటితిమి.

ఇంటికి వచ్చి సమూయేలు గ్రంథములోని ఆ అధ్యాయమును మరల చదివితిమి. దావీదు కవచమును విడిచినది అది అనేక భాగములు కలదనియు కాదు, ఒక్క భాగము కలదనియు కాదు. అది చెడ్డ కవచమనియు అతడు చెప్పలేదు. తనకు వాడుక కాని, తాను పరీక్షించి చూడని వస్తువుతో పోజాలననెను, అంతే. వడిసెల అతని చేతికి వచ్చిన పని. గొఱ్ఱెలను మేపుచు నేర్చినది. ఈ మాట ఎన్నిసార్లు ప్రసంగించితిమో లెక్కలేదు. అయితే ఆ రాత్రి మమ్మును కలతపెట్టినది వేరొకటి. ఆ వృత్తాంతములో కవచము తొడిగించినవాడెవడు? రాజైన సౌలు. కీడు తలంచి చేయలేదు. తన యొద్దనున్న శ్రేష్ఠమైనది, తన యొడలికి సరిపోయినది, అడుగకుండనే పిల్లవానికి తొడిగెను. కూటములో నిలిచి ఆ అధ్యాయము చదివిన దినమున మేము దావీదు పక్షమున మాటలాడుచున్నామనుకొంటిమి. ఆ గదిలో కవచము తొడిగించుచున్నది మేమే.

దావీదుకున్న ధైర్యము ఒకటి మా కుర్రవానికి లేకపోయెను, లేక మేమే దానిని తీసివేసితిమి. రాజుతో, అయ్యా, ఇది నాకు పనికిరాదని దావీదు చెప్పగలిగెను. సౌలు తొడిగినది కవచము మాత్రమే గనుక అది విప్పుట సులువు. మేము పెడళ్ళను వాక్యములో చుట్టి ఇచ్చితిమి. అతడు వాటినెట్లు విప్పును? ప్రియులారా, మాతోటి సేవకులారా, పెండ్లి సంబంధములలో, చదువుల విషయములో, పొలము అమ్మకములలో మన సలహా అడుగుదురు. అచట మనకు తోచినది మనకు తోచినదని చెప్పక, ఒక వచనము జోడించి చెప్పిన దినములెన్ని? ఆ వచనము విన్నవాడు మరల నోరు తెరచునా? మేము మా లెక్క చూచుకొనుచున్నాము. అందులో గిటారు పెడళ్ళు మిక్కిలి చిన్న పద్దు.

నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారపు పని చెప్పినప్పుడు దేవుడు బెసలేలును, అహోలీయాబును పేరు పెట్టి పిలిచి, లోహపు పనిలోను చెక్కడపు పనిలోను జ్ఞానము ఇచ్చినట్లున్నది. చేతిపని నెరిగిన జ్ఞానమును ఆత్మ వరముగా చెప్పిన గ్రంథము మన చేతనుండగా, సంఘములో ఒక పని తెలిసినవాడు స్తంభమునానుకొని మౌనముగా నిలువవలసిన అవసరమేమి? మోషే కమ్మీలు కొలిచినట్లు మేమెచటను చదువలేదు.

మరుసటి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట తప్పు మాదని సంఘము ఎదుట చెప్పితిమి. స్త్రీల సమాజము కూర్చున్న వైపు చూచి చెప్పుట కష్టమాయెను. మాటలు వినబడునా అని అడిగిన పెద్దామెయే మమ్మును తేర్చెను. “బియ్యానికి పురుగు పడితే పారబోస్తామా అయ్యగారూ, జల్లించుకుని వండుకుంటాం” అనెను. జల్లించితిమి. హైదరాబాదు అబ్బాయి ఓవర్‌డ్రైవును, కోరసును తగిన ధరకు తానే తీసికొనెను. అవి చేరవలసిన చోటికే చేరినవి. మిగిలిన సంఘపు సొమ్ముతో దానిని కలిపి, తక్కువైనది మేము మా జీతములోనుండి పెట్టి, బ్యాటరీలతో నడుచు చిన్న మల్టీ పెట్టె తెచ్చితిమి. ఈసారి అంగడికి కుర్రవాడే వచ్చెను. రెండు గంటలు కూర్చొని వాయించి చూచెను. మేము మూలనున్న కుర్చీలో కూర్చొని, మధ్యలో రెండుసార్లు కునికితిమి.

ఇంతటితో అంతయు చక్కబడినదని వ్రాసిన అబద్ధమగును. ఈస్టరు దినమున ఆ పెట్టెలోనున్న స్వరములన్నిటిని మాకు వినిపింపవలెనని అతనికి ఆశ పుట్టెను. మొదటి చరణమునకు ఒకటి, రెండవ చరణమునకు మరొకటి, పల్లవికి సముద్రము పొంగినట్లు ఇంకొకటి. వందకు పైగా స్వరములు చేతికందినప్పుడు ఇరువదియేండ్లవాడు ఇంకేమి చేయును? పాట నడుచుచుండగా అతని కన్నులు పాటమీద లేవు, పెట్టెమీది చిన్న తెరమీద నున్నవి. మల్టీ పెట్టెకు విరోధముగా హైదరాబాదు అబ్బాయి చెప్పిన మాటలలో ఇది ముందే యున్నది, మేము మరచితిమి. పెద్దామె ఆ దినమున మమ్మును చూచెను గాని ఏమియు అనలేదు.

ఈసారి మేము వచనము తీయలేదు. పౌలు అదే కొరింథీ పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవిని వీణను పేర్కొని, స్వరములలో భేదము తెలియనియెడల వాయించినది వినువానికెట్లు తెలియునని వ్రాసిన సంగతి మాకు గుర్తున్నది, నాలుక చివరనే యున్నది. మ్రింగితిమి. కుర్రవానితో, మన పెద్దామె మొదట అడిగిన ప్రశ్న నీకు గుర్తున్నదా అని మాత్రము అంటిమి. అతడు నవ్వెను. రెండు వారములకు తానే నాలుగు కూర్పులు మాత్రము ఉంచుకొనెను. ఒకటి మెల్లని పాటలకు కొంచెము రివర్బుతో, ఒకటి పండుగ పాటలకు, ఒకటి ప్రార్థన సమయమున క్రిందుగా మీటుటకు. నాలుగవది ఏ యెఫెక్టును లేనిది. దానినే ఎక్కువగా వాడునని మేము గమనించితిమి. ఇతర కూర్పులు ఉండుటవలన దానిని ఎంచుకొనుచున్నాడు. క్రిస్మస్ నాడు వేరే గతిలేక వాయించెను. వినువారికి రెండును ఒకటే. అతనికి ఒకటి కాదు.

హార్మోనియమును గూర్చి ఒక మాట. గిటారును ఇంకను పరదేశి వాద్యమని గొణుగు పెద్దలకు మేము చెప్పునదేమనగా, హార్మోనియము 19వ శతాబ్దములో ఫ్రాన్సులో పుట్టినది. మన దేశపు రాగములకు తగదని 1940లో ఆకాశవాణి దానిని నిషేధించెను; ముప్పదియేండ్లు దాటిన పిదప గాని ఆ నిషేధము సడలలేదు. ఆ యేండ్లన్నిటిలోను మన గ్రామ దేవాలయములలో అది మ్రోగుచునే యుండెను. దాని ముందున్న చిన్న మీటలను లాగి ఒక స్వరమునకు మరియొక స్వరము జోడించు మా తాతగారు మల్టీ ఎఫెక్ట్స్ అను పేరు వినకయే దానిని వాడిరి. మేము చిన్నతనమున ఆ మీటలన్నిటిని ఒక్కసారి లాగి దెబ్బలు తిన్న సంగతి ఈస్టరు దినమున జ్ఞాపకము వచ్చియున్న బాగుండెడిది.

డిలే పెడల్ ఒకటి మిగిలియున్నది. దానిని కూడ అమ్మివేయుదుమా అని అడుగగా, “అది ఉండనివ్వండి అయ్యగారూ” అని కుర్రవాడు కోరెను. క్రొత్త పెట్టెలో డిలే ఉన్నదిగదా అంటిమి. ఉన్నదే గాని, ఈ మూడు నాబులు తనకు అలవాటైనవనియు, చీకటిలో కూడ చేతితో తెలియుననియు చెప్పెను. ఈ వ్యవహారమంతటిలో అతడు తనకై అడిగినది అదొక్కటే గనుక మారు పలుకలేదు.

ఇప్పుడు డోలక్కు వాయించు అన్న, ఎలక్ట్రానిక్ ప్యాడ్సు కొనవలెనని కమిటీకి చీటీ పంపియున్నాడు. వెంటనే కీబోర్డు అబ్బాయి ఒక పక్షము, పెద్దలు ఒక పక్షము అయిరి. ఒకరు అప్పుడే కీర్తనల గ్రంథము 150వ కీర్తన తీసియుంచిరని విన్నాము. మేమింకను ఏమియు చెప్పలేదు. ఈ ఆదివారము సాయంకాలము డోలక్కు వాయించు అన్న యింటికి పోయి, అతడు సాధన చేయునంతసేపు కూర్చుండవలెనని అనుకొంటిమి.